శ్రీకూర్మ గ్రామపు కట్టడములును, జలములును

తన యూరి చరిత్ర మెరుగనివాడు దేశచరిత్ర మెంత చదివినను, అది పొరుగింటి జమాఖర్చులు చదివినట్లే యుండును. మన పాఠశాలలోని బాలబాలికలు పానిపట్టు యుద్ధముల సంవత్సరములను తడబడకుండ చెప్పగలరు. నైలునది యే సముద్రమున కలియునో చెప్పగలరు. కాని వంశధార యెచ్చట పుట్టినదనియు, శ్రీకూర్మ దేవాలయపు స్తంభములపై నేమి వ్రాయబడి యున్నదనియు అడిగినయెడల పెక్కుమంది యొకరి మొగ మొకరు చూచుకొందురు. పాఠ్యపుస్తకములలో నీ సంగతులు లేకపోవుటయే యిందులకు కారణము. అందుచేత మన వార్షిక సంచికలో నీ గ్రామపు ప్రాచీన కట్టడములను గూర్చియు, వాని చుట్టు నల్లుకొని యున్న జలములను గూర్చియు కొంత వివరింపదలచితిమి.

ఇంగ్లండు దేశమున 1086వ సంవత్సరమున విలియమురాజు తన రాజ్యమందలి గ్రామములన్నిటిని విచారింపజేసి, పొలమెంత, నాగళ్లెన్ని, నీటిమరలెన్ని యని యొక గ్రంథమున వ్రాయించెను. దానిని డూమ్స్‌డే గ్రంథమందురు. నేటికిని ఆ దేశపు గ్రామస్థులు తమ దేవాలయ మెప్పటిదో, తమ యేటి మర యెవరిదో ఆ గ్రంథమును జూచి చెప్పుకొని సంతసింతురు. 1899లో విక్టోరియా రాణి పేరిట ప్రారంభింపబడిన జిల్లాచరిత్రల రచన యింకను సాగుచునే యున్నది. మన గ్రామములకట్టి గ్రంథము లేదే యని విచారింప నక్కరలేదు. శ్రీకూర్మము యొక్క గ్రంథము రాతిపై నున్నది. విలియమురాజు తన గ్రంథమును వ్రాయించిన దినములలో నిచ్చట కళింగమును అనంతవర్మ చోడగంగదేవు డేలుచుండెను. అతడు 1078లో పట్టాభిషిక్తుడయ్యెను. పూరీలోని జగన్నాథాలయ నిర్మాణమును ప్రారంభించినవా డితడే.

క్రైస్తవులమగు మేము హిందూ దేవాలయమును గూర్చి వ్రాయుట యేలయని కొందరడుగవచ్చును. విశ్వాసము వేరు, జన్మభూమి వేరు కాదు. ఆ రాళ్లపై నున్న భాష మన యందరి తల్లిభాష. ఆ చెరువులనీరు మన యందరి పొలములకు పారిన నీరు. పొరుగువారు భక్తితో కాపాడుకొనుచున్న దానిని గౌరవముతో తెలిసికొనుట మంచి పౌరుని లక్షణమని మా యభిప్రాయము.

గ్రామపు నెలవు

శ్రీకూర్మము శ్రీకాకుళ పట్టణమునకు తూర్పుగా నించుమించు 15 కిలోమీటర్ల దూరమున, గార మండలములో నున్నది. బంగాళాఖాత మిచ్చటికి కొలది మైళ్లలోనే కలదు. పటమును దగ్గర నుంచుకొని చూచినచో నొక విశేషము కనబడును. గ్రామమునకు దక్షిణముగా కళ్లేపల్లి వద్ద నాగావళి సముద్రమున గలియుచున్నది. ఉత్తరముగా కళింగపట్నము వద్ద వంశధార కలియుచున్నది. ఈ రెండు నదీముఖముల నడుమ నున్న తీరపు మైదానముపై నీ గ్రామము నెలకొనియున్నది.

ఈ నదులు రెండును ఒడిశా రాష్ట్రపు కొండలలో పుట్టినవి. వంశధార పొడవు 254 కిలోమీటర్లు, నాగావళి పొడవు 256 కిలోమీటర్లు. ఇవి గోదావరి, కృష్ణలవలె మహానదులు కావు. ఆషాఢ శ్రావణములలో కొండలపై వాన కురిసిన నొక్క రాత్రిలో పొంగును. వేసవి వచ్చుసరికి ఇసుకలో సన్నని పాయలై మిగులును. ఇట్టి నదుల నడుమ నివసించువారు వాననీటిని పట్టి నిలువ యుంచుకొనుట నేర్వకున్న బ్రదుకలేరు. కావుననే యీ ప్రాంతమున దేవాలయమెంత ముఖ్యమో, చెరువును అంత ముఖ్యమయ్యెను. కట్టడమును, జలమును ఒకదానినుండి యొకటి విడదీసి చెప్పుటకు వీలులేదు.

దేవాలయము

విష్ణుని దశావతారములలో రెండవది కూర్మావతారము. దేవదానవులు పాలసముద్రమును మథించునపుడు మందరపర్వతము మునిగిపోగా విష్ణువు తాబేలు రూపమున దానిని వీపుపై మోసెనని పురాణకథ. విష్ణ్వాలయములు దేశమున లెక్కకు మిక్కిలిగా నున్నను, కూర్మరూపమున పూజలందుకొను ప్రధానాలయములు మిక్కిలి యరుదు. ఆ యరుదైన వానిలో శ్రీకూర్మనాథుని యాలయము ప్రసిద్ధికెక్కినది.

ఆలయమునకు పోయినవారు మొదట గమనింపదగినది దిక్కు. సాధారణముగా దేవాలయములలో మూర్తి తూర్పుమొగమై యుండును. ఇచ్చట మూర్తి పడమటిమొగమై యున్నది. ధ్వజస్తంభములు రెండు, తూర్పున నొకటియు, పడమట నొకటియు కలవు. దీనికి భక్తులు చెప్పు కథలు పెక్కు గలవు. కథల మాట యెట్లున్నను, రెండు ధ్వజస్తంభములున్న గుడి యనగానే మన ప్రాంతపువారు శ్రీకూర్మమునే తలచుకొందురు. కాశీ గయలయందువలె నిచ్చటను పితృకార్యములు చేయుట గొప్ప పుణ్యమని హిందువుల నమ్మకము. ఫాల్గుణ పూర్ణిమనాటి డోలోత్సవమునకు చుట్టుపట్ల గ్రామములనుండి జనులు బండ్లమీదను, కాలినడకను పూర్వము వచ్చుచుండిరి. ఇప్పుడు బస్సులలోను, ఆటోలలోను వచ్చుచున్నారు.

గర్భాలయమును చుట్టి రాతిస్తంభములతో గూడిన ప్రదక్షిణ మండపమున్నది. మండపపు గోడలపై వర్ణచిత్రములు కలవు. దశావతారములు, రామకథ, కృష్ణలీలలు మున్నగునవి యందు చిత్రింపబడినవి. ఆ చిత్రముల కన్నులతీరును, వస్త్రముల యంచులును చూచినవారికి ఒడిశా దేశపు పటచిత్రములు జ్ఞప్తికి వచ్చును. ఇందాశ్చర్య మేమియు లేదు. కళింగమన్నది నేటి రెండు రాష్ట్రములను గలిపిన పూర్వదేశము. రాజులును, శిల్పులును, చిత్రకారులును, యాత్రికులును ఇటునటు నడచుచునే యుండిరి. నేటి సరిహద్దు రేఖను వారెరుగరు.

ఇట్టి గోడచిత్రములకు శత్రువులు రెండు, చెమ్మ యొకటి, ఉప్పు రెండవది. నేలలోని చెమ్మ గోడలోని సన్నని రంధ్రములగుండ పైకెక్కును. దీపపు వత్తి నూనెను పీల్చుకొనునట్లే గోడయు నీటిని పీల్చుకొనును. ఆ నీటిలో ఉప్పు కరగియుండును. గోడ ముఖమునకు వచ్చినపుడు నీరు గాలికి ఆరిపోవును గాని ఉప్పు ఆరిపోదు. అది పలుకులై పేరుకొని, పెరిగి, సున్నపు పూతను లోపలినుండి వెలుపలికి నెట్టును. అపుడు రంగుతోగూడ పూత పెచ్చులుగా రాలును. సముద్రపుగాలి వీచు తావులలో నీ బాధ మరింత యెక్కువ. యాత్రికుల నూనెచేతులును, కొందరు కుర్రవాండ్రు గోటితోను మేకులతోను తమ పేళ్లు గీయుటయు దీనికి తోడగును. ఉప్పు చేయు హానిని మాన్పుటకు నిపుణులు కావలెను. గోటితో చేయు హానిని మాన్పుటకు మన బుద్ధియే చాలును.

రాతిపై వ్రాసిన చరిత్ర

ఆలయ స్తంభములపైనను, గోడలపైనను నూటికి మించిన శాసనములు కలవు. వానిలో పెక్కు తూర్పుగాంగరాజుల కాలమునాటివి. కొన్ని సంస్కృతమునను, కొన్ని తెలుగునను ఉన్నవి. ప్రభుత్వ శాసన పరిశోధకులు వీనిని చదివి దక్షిణభారత శాసనముల ఐదవ సంపుటమున 1925లో ముద్రించిరి.

శాసనములను చదువువా రెట్లు చదువుదురో బాలురు తెలిసికొనదగును. రాతిపై నున్న యక్షరములు పలుమారు కంటికి సరిగా కనబడవు. ముందుగా రాతిని కడిగి, తడిపిన దళసరి కాగితమును దానిపై నతికి, కుంచెతో మెల్లగా కొట్టుదురు. కాగితము అక్షరముల పల్లములలోనికి దిగును. పిదప సిరా యద్దిన మెత్తని దిండుతో పైపైన అద్దగా, మెట్టుగా నున్న రాతిభాగము నల్లబడును, పల్లముగా నున్న అక్షరములు తెల్లగా నిలుచును. ఆ కాగితమును మడచి తీసికొనిపోయి తీరికగా చదువుకొందురు. రాయి యున్నచోటనే యుండును, వ్రాత మాత్రము దేశమంతట తిరుగును.

ఆ శాసనములలో నేమున్నది? యుద్ధములకన్న దీపములే యెక్కువ. ఒకరు స్వామి సన్నిధిని అఖండదీపము వెలుగుటకై ధనమిత్తురు. మరియొకరు పూలదండలకై, నైవేద్యమునకై దానము చేయుదురు. ధనమును శ్రీభండారమున నుంచి, దానివలన వచ్చు ఫలముతో నీ కార్యము సూర్యచంద్రులున్నంతవరకు జరుగవలెనని వ్రాయింతురు. రాజులు మాత్రమేగాక వారి యధికారులును, స్త్రీలును దాతలుగా కనబడుదురు. పుస్తకములలో రాజుల పేళ్లే యుండును గాని, ఇచ్చటి రాళ్లపై సామాన్యుల పేళ్లును నిలిచియున్నవి.

ఈ శాసనములలో నొకటి దేశవ్యాప్తమైన ప్రసిద్ధి గాంచినది. అది శక సంవత్సరము 1203, అనగా క్రీ. శ. 1281వ సంవత్సరపుది. శక సంవత్సరమునకు 78 కలిపిన క్రీస్తుశకము వచ్చునని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. దానిని వ్రాయించినవారు నరహరితీర్థులు. వీరు ద్వైతమత స్థాపకులగు మధ్వాచార్యుల శిష్యులు. గాంగరాజుల పక్షమున కళింగరాజ్యపు పరిపాలన భారమును వహించిరి. ఆ శాసనమున వారు తమ గురుపరంపరను చెప్పుకొని, కూర్మేశ్వరుని యెదుట యోగానంద నరసింహుని ఆలయమును కట్టించినట్లు తెలిపిరి. శబరుల దాడినుండి యీ క్షేత్రమును కాపాడిన సంగతియు నందున్నది.

ఈ శాసనమువలన కలిగిన గొప్ప ప్రయోజనమును బాలురు లెక్కవేసి చూడవచ్చును. మధ్వాచార్యులు 1199లో జన్మించిరని యొక లెక్కయు, 1238లో జన్మించిరని మరియొక లెక్కయు నుండెను. వారు 79 సంవత్సరములు జీవించిరనియు, వారి పిదప పద్మనాభతీర్థులు 7 సంవత్సరములు పీఠము నధిష్ఠించిరనియు, ఆ పిమ్మట నరహరితీర్థులు పీఠమునకు వచ్చిరనియు సంప్రదాయము. మొదటి లెక్కనుబట్టి 1199కి 79ని, 7ను కలుపగా 1285 వచ్చును. అనగా నరహరితీర్థులు 1285 నాటికే కళింగమును విడచి పీఠమునకు పోయియుండవలెను. కాని శ్రీకూర్మము, సింహాచలములలోని శాసనములు 1293 వరకును వారిని కళింగముననే చూపుచున్నవి. రెండవ లెక్కనుబట్టి 1238కి 79ని, 7ను కలుపగా 1324 వచ్చును. ఇది శాసనములతో పొసగును. కావుననే పలువురు పండితులు రెండవ లెక్కనే యంగీకరించిరి. కన్నడదేశపు మహాచార్యుని జన్మసంవత్సరమును నిర్ణయించుటకు మన తీరగ్రామములోని రాళ్లు సాక్ష్యమిచ్చినవి. ఆ రాతిపై నెవరైన తెలియక దళసరిగా సున్నము కొట్టియున్నచో నీ సాక్ష్యము మూగబోయి యుండెడిది.

సంస్కృత శాసనములలో సంవత్సరమును అంకెలతోగాక మాటలతో చెప్పు పద్ధతి యొకటి కలదు. చంద్రు డనిన 1, నేత్రము లనిన 2, గుణము లనిన 3, వేదము లనిన 4, బాణము లనిన 5, ఆకాశ మనిన సున్న. ఈ మాటలను కుడినుండి యెడమకు అంకెలుగా పేర్చవలెను. ఉదాహరణమునకు మేమే యొకటి కల్పించి చెప్పెదము. గుణ, ఆకాశ, నేత్ర, చంద్ర అనిన వరుసగా 3, 0, 2, 1. దీనిని త్రిప్పి చదివిన 1203. బాలురు తమ జన్మసంవత్సరము నిట్లు మాటలలో కూర్చుకొనుట మంచి వినోదమగును, దానితోపాటు లెక్కలును, భాషయు కలసివచ్చును.

ఇరుగుపొరుగు క్షేత్రములు

శ్రీకూర్మ మొంటరి కట్టడము కాదు. వంశధార దక్షిణపుటొడ్డున, ఇదే గార మండలమున శాలిహుండము కొండపై బౌద్ధస్తూపములును, విహారముల పునాదులును కలవు. 1919లో వానిని గుర్తించి లోకమునకు తెలిపినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. వారొక పాఠశాల యుపాధ్యాయులని మన విద్యార్థులు గర్వముతో జ్ఞాపకముంచుకొనవలెను. శాసనములలో శత్రువులుగా చెప్పబడిన శబరుల సంతతివారి భాషను, అనగా సవరభాషను, కష్టపడి నేర్చి, వారి పిల్లలకు పుస్తకములు వ్రాసినవారును వీరే. ఒక కాలమున కత్తి పట్టి యెదిరించిన జాతిని మరియొక కాలమున కలము పట్టి యాదరించుట చరిత్రలోని మేలిమార్పు.

వంశధార వెంట నింకను పైకిపోయిన ముఖలింగము కలదు. అది గాంగరాజుల రాజధానియగు కళింగనగరమని చరిత్రకారుల నిర్ణయము. అచ్చటి మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయములు శిల్పమునకు పేరొందినవి. నదీముఖమున కళింగపట్నము పూర్వము ఓడలు వచ్చిపోవు రేవు. శ్రీకాకుళమున నాగావళి సమీపమున షేర్ మహమ్మదుఖానుడు 1641లో కట్టించిన మసీదు కలదు. కొలది గంటల ప్రయాణములో బౌద్ధులు, హిందువులు, మహమ్మదీయులు కట్టించిన వానిని చూచి, సాయంకాలము మన పాఠశాల గంటగోపురము నీడలోనికి చేరవచ్చును. ఇవన్నియు నేటియొడ్డుననో, చెరువుగట్టుననో యున్నవి. నీరున్నచోటనే మనుష్యులు స్థిరపడుదురు, స్థిరపడినచోటనే కట్టుదురు.

కోనేరును, నూతులును

ఆలయమునకు చేరి శ్వేతపుష్కరిణి యను కోనేరున్నది. సుదర్శన చక్రమువలన నిది యేర్పడినదని స్థలపురాణము. దీని యడుగున తెల్లని మట్టి యున్నదనియు, అది నామము ధరించుటకు పనికివచ్చుననియు చెప్పుదురు. మేమిచ్చట కోనేటి పవిత్రతను గూర్చి గాక దాని యుపయోగమును గూర్చి చెప్పదలచితిమి.

సముద్రము దగ్గరనున్న గ్రామములలో నుయ్యి త్రవ్విన మంచినీ రెట్లు పడునని బాలురు మమ్మడుగుచుందురు. ఇసుకనేల క్రింద సముద్రపు ఉప్పునీరు చొచ్చుకొని వచ్చును గదా! దానికి సమాధానమిది. వాననీరు భూమిలో నింకి, ఉప్పునీటిపై తేలుచుండును. ఉప్పునీరు మంచినీటికంటె బరువైనది. మంచినీరు 1000 పాళ్లు తూగిన సముద్రపునీ రించుమించు 1025 పాళ్లు తూగును. సముద్రముపై మంచుగడ్డ తేలునపుడు కొంచెము పైకి కనబడి, చాలభాగము మునిగియుండునట్లే, భూమిలోని మంచినీరును సముద్రమట్టమునకు పైన కొంచెమును, క్రింద నధికముగను నిలుచును. పైన నొక్క యడుగు మంచినీరున్నచో క్రింద నించుమించు 40 అడుగులుండునని ఐరోపాలోని యిరువురు శాస్త్రజ్ఞులు, గీబెన్, హెర్జ్‌బర్గులు, వేర్వేరుగా కనుగొనిరి.

ఈ లెక్కలో నొక ఆశయు, ఒక భయమును ఉన్నవి. పైనీటిమట్ట మొక్క యడుగు పెరిగిన క్రింద 40 అడుగుల లోతువరకు క్రమముగా ఉప్పునీరు వెనుకకు తగ్గును. పైమట్ట మొక్క యడుగు తగ్గిన ఉప్పునీరు క్రమముగా నంతయు పైకి లేచును. మోటరుపెట్టి రేయింబవళ్లు తోడిన నూయి మొదట తియ్యగా, పిదప చప్పగా, తుదకు ఉప్పగా మారుట కిదియే కారణము. ఒక్కమారు ఉప్పగా మారిన నూయి మరల మంచిదగుటకు పెక్కు వానకాలములు పట్టును.

ఇపుడు కోనేరును, చెరువులును చేయు మేలు తేటపడును. అవి వాననీటిని పారిపోనీయక నిలిపి, మెల్లగా భూమిలోనికి దింపును. కోనేటినుండి మనము కడవతో తెచ్చుకొను నీటికంటె, అది మనకు తెలియకుండ చుట్టుపట్ల నూతులకు పంపు నీరే విలువైనది. కోనేటి యడుగున పూడిక పేరుకొన్నపుడు రెండు నష్టములు కలుగును. నీరు పట్టు చోటు తగ్గును; మెత్తని బురద యడుగున చాపవలె పరచుకొని నీటిని భూమిలోనికి దిగనీయదు. మన పూర్వులు వేసవియందు చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని పొలములకు తోలుకొనుచుండిరి. దానివలన చెరువు లోతయ్యెను, పొలము బలిసెను. ఒక పనివలన రెండు ఫలములు.

పూజాద్రవ్యములును, అన్నపు ముద్దలును, బట్టలును, ప్లాస్టికు సంచులును వేసిన యే కోనేటి నీరైనను చెడును. అన్నమును, ఆకులును నీటిలో కుళ్లునపుడు నీటిలో కరగియున్న ప్రాణవాయువును హరించును. అప్పుడు చేపలు పైకివచ్చి నోరు తెరచుచు, తుదకు చచ్చును. నీరు పచ్చబడి కంపుగొట్టును. భక్తితో చేసిన కార్యమే కోనేటికి కీడు కాకూడదన్న, వానిని నీటిలో విడువక గట్టుననే యొక తావున చేర్చుట మేలు.

చెరువులు, గెడ్డలు, కాలువలు

మన ప్రాంతపు జలములకు మన పేళ్లే కలవు. కొండలనుండి పారివచ్చు చిన్న యేరు గెడ్డ. పశువులు దిగు చిన్నకుంట బంద. గట్టుకట్టి సేద్యమునకు నిలిపిన పెద్దనీరు చెరువు. చెరువునుండి పొలమునకు నీరు విడుచు తూమును మదుమందురు. చెరువు నిండి పొంగినపుడు అధికపునీరు గట్టును కోయకుండ పోవుటకై రాతితో కట్టిన పల్లపుచోటు పొర్లుకట్ట. దాని వెనుకను మరియొక చెరువుండును. పైచెరువు పొర్లిన నీరు క్రిందిచెరువునకు చేరును. ఇట్లు చెరువులు గొలుసువలె పల్లమునకు దిగి సముద్రమునకు చేరును. ఈ గొలుసులో నొక్క బందను పూడ్చి యిండ్లు కట్టుకొన్నను, పైవారి యిండ్లు వానలలో మునుగును, క్రిందివారి పొలము లెండును. పూడ్చినవానికి మాత్రము కారణము తెలియదు!

పెద్దనదులపై ఆనకట్టలు వచ్చిన తరువాత కొన్ని చెరువులకు కాలువనీరు తోడయ్యెను. నాగావళిపై తోటపల్లి వద్ద 1908లో నీటిని మళ్లించు కట్టడ మేర్పడెను. తరువాత దిగువను నారాయణపురము ఆనకట్ట వచ్చెను. వంశధారపై హిరమండలము దగ్గర గొట్టా బ్యారేజి నిర్మింపబడి, దాని కాలువలు వేల యెకరములకు నీరిచ్చుచున్నవి. వంశధార నీటిని రెండు రాష్ట్రములును సమముగా పంచుకొనవలెనని 1962లో నొడంబడిక జరిగెను. పిదప వివాదము పుట్టగా 2010లో నొక న్యాయమండలి యేర్పడి 2017లో తీర్పు చెప్పెను. నదీజలములకై రాష్ట్రములు న్యాయస్థానములకు పోవుచుండ, మన యింటిముందరి బందను మనమే చెత్తతో పూడ్చుకొనుట యెంత విపరీతము!

నదులు మేలునేగాక కీడునుచేయును. శ్రీకాకుళమున నాగావళిపై నున్న పాతవంతెన కమానులు కొన్ని 1876 సంవత్సరపు వరదలో కొట్టుకొనిపోయెను. వరద వచ్చునపుడు గెడ్డలును, బందలును, చెరువులును ఖాళీతావులుగా నుండి నీటిని కొంత తమలో నిముడ్చుకొనును. అవి లేనిచో నా నీరంతయు వీధులలోనికి వచ్చును. చెరువు కరవునకు విరుగుడు, వరదకును విరుగుడు.

మూడు తాబేళ్లు

శ్రీకూర్మమును గూర్చి వ్రాయుచు తాబేళ్లను విడువరాదు. దేవాలయ ప్రాంగణమున తాబేళ్లను పెంచుచున్నారు. అవి నక్షత్ర తాబేళ్లు. వాని డిప్పపై పసుపుపచ్చని గీతలు నక్షత్రములవలె నొక కేంద్రమునుండి నలువైపులకు వ్యాపించి యుండును. ఇవి నీటిలో నివసించునవి కావు. మెట్టనేలలలోను, పొదలలోను తిరుగుచు గడ్డి, ఆకులు, పండ్లు తినునవి. తాబేలన్న నీటిలోనే యుండునని తలచి వీనిని కోనేటిలో వేసినచో చచ్చిపోవును. వీని యందమే వీనికి శత్రువు. దొంగతనముగా పట్టి పరదేశములకు పంపువారు పెక్కుమంది యుండుటచే 2019లో అంతర్జాతీయ వర్తకమున వీనికి కఠినమైన రక్షణ నేర్పరచిరి. మన దేశమున 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనిని కాపాడుచున్నది. ఇండ్లలో పెంచుకొనుటకు వీనిని పట్టుట నేరము.

రెండవది చెరువు తాబేలు. అది నీటిలోని పురుగులను, చచ్చిన చేపలను తిని చెరువును శుభ్రము చేయును. పంచాయతికి జీతమియ్యనక్కరలేని సేవకుడది.

మూడవది సముద్రపు తాబేలు. ఆలివు రిడ్లీ యను జాతి తాబేళ్లు చలికాలపు చివరను, వేసవి మొదటను మన శ్రీకాకుళపు తీరమునకు వచ్చి రాత్రివేళ నిసుకలో గుంటచేసి గ్రుడ్లుపెట్టి పోవును. ఇంచుమించు 45 మొదలు 60 దినములకు పిల్లలు పైకివచ్చి, సముద్రముపై మెరయు వెలుగును జూచి యటు నడచును. తీరమున విద్యుద్దీపము లున్నచో అవి త్రోవతప్పి ఊరివైపు నడచి నశించును. అందుచేత అటవీశాఖవారును, మత్స్యకార యువకులును గ్రుడ్లను ఏరి, కాపున్నతావున పొదిగింపజేసి, పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. తాబేలు పేరున వెలసిన గ్రామపు తీరమునకు తాబేళ్లు నేటికిని వచ్చుట యెంతయు సంతోషకరము.

మన కర్తవ్యము

ఇంతవరకు చెప్పిన దానివలన తేలిన సారాంశమేమి? కట్టడము రాతిదైనను నీటివలన చెడును. జలము మెత్తనిదైనను మట్టివలనను, చెత్తవలనను చచ్చును. రెండును మన శ్రద్ధవలననే నిలుచును. శాసనములు వ్రాయించినవారు తమ దీపము సూర్యచంద్రులున్నంతవరకు వెలుగవలెనని కోరిరి. దీపమున కిచ్చిన ధనము ఖర్చయి పోవచ్చును, వ్రాత మాత్ర మెనిమిదివందల యేండ్లు నిలిచెను. మన కాలమున నది చెరిగిపోయిన నష్టము మన పేరనే వ్రాయబడును.

విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, ప్రతివిద్యార్థియు తన యింటి నూతిలో నీరెంత లోతున నున్నదో త్రాటికి రాయికట్టి కొలిచి, నెలకొకసారి తారీఖుతో పుస్తకమున వ్రాయవలెను. ఉప్పగా నున్నదో, తియ్యగా నున్నదో గూడ వ్రాయవలెను. పదిమంది పిల్లలు మూడేండ్లు వ్రాసిన నది గ్రామమునకు గొప్ప పత్రమగును. రెండవది, తాతయ్యలను, అమ్మమ్మలను అడిగి తమ యూరి చెరువుల, బందల, గెడ్డల పేళ్లను సేకరింపవలెను. పేరు మరచిన చెరువును పూడ్చుట సులభము. పేరున్న చెరువును పూడ్చబోయినచో నెవరో యొకరు నోరు తెరతురు. మూడవది, గుడికిగాని, స్తూపమునకుగాని, మసీదునకుగాని విహారమునకు పోయినపుడు గోడను తాకక, పేరు గీయక, వ్రాతయున్న రాయి యెక్కడైన పొలమున కనబడిన దానిని కదల్పక ఉపాధ్యాయునకు తెలుపవలెను.

తలిదండ్రులకును ఒక మనవి. వేసవిసెలవులలో పిల్లలను దూరపు పట్టణములకు తీసికొనిపోవుటతోపాటు, ఒక్కదినము శాలిహుండమునకో, ముఖలింగమునకో, శ్రీకూర్మమునకో తీసికొనిపొండు. బస్సు ఖర్చు తక్కువ, లాభము మెండు.

పరిశుద్ధ గ్రంథమున ఇస్సాకుని కథ మన విద్యార్థు లెరుగుదురు. అతని తండ్రి అబ్రాహాము త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మంటితో పూడ్చివేసిరి. ఇస్సాకు వారితో జగడమాడుచు కాలము గడపలేదు. ఆ బావులను మరల త్రవ్వించి, తండ్రి పెట్టిన పేళ్లనే వానికి పెట్టెను. నీటిని త్రవ్వుట యెంతో, పేరును నిలుపుట యంతయని అతడెరుగును. శ్రీకూర్మపు రాళ్లను చదివిన పండితులు పేళ్లను నిలిపిరి. పూడిన చెరువులను త్రవ్వు పని మన బాలబాలికల తరమునకు మిగిలియున్నది. వారికా బుద్ధియు, బలమును దేవుడనుగ్రహించుగాక.